ఆడతానన్నది అతనే, ఆడించింది ఎవరు?

"అతనే కదా ఆడతానన్నది!"

ఈ మాట నేను మొదటిసారి విన్నది 2013 సంక్రాంతి సంబరాల్లో. వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఒక బడి భోజనశాలను మా తెలుగువాళ్లం ఆ పూటకు అద్దెకు తీసుకున్నాం. ఒక పక్క చిన్నపిల్లలకు భోగిపళ్లు పోస్తున్నారు, ఇంకో పక్క అరిసెల డబ్బాల మూతలు తీస్తున్నారు. కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్న పదిమంది మధ్య మాత్రం నడుస్తున్నది వారం కిందటి ఫుట్‌బాల్ ఆట. యాష్‌బర్న్ అనగానే డేటా సెంటర్లూ, మనవాళ్లు కొనుక్కున్న ఇళ్లూ గుర్తొస్తాయి గానీ, వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు సాధన చేసే మైదానం కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆ ఏడాది మా వీధిలో పదో నంబరు జెర్సీ లేని పిల్లవాడు అరుదు. ఆ జెర్సీ తొడుక్కునే మనిషి మోకాలు జనవరి 6న, దేశమంతా చూస్తుండగా, చితికిపోయింది. తప్పెవరిది అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ కాసేపు ఆ పేరూ ఈ పేరూ నలిగి, చివరికి ఎవరో ఒకరు ఈ మాట అనేవారు. దాంతో అందరూ తల ఊపి లేచేవారు.

పన్నెండేళ్లు దాటాయి. ఇప్పటికీ తల ఊపే లేస్తున్నారు. టీవీ విశ్లేషకుల నుంచి మా వీధి చివర బావగారి దాకా స్థిరపడిపోయిన తీర్పు అదే: అతను ఇరవై రెండేళ్లు నిండినవాడు, అడిగారు, ఆడతానన్నాడు, ఆడాడు, దెబ్బతిన్నాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ తీర్పు తప్పు. తప్పే కాదు, హానికరం కూడా. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం ఒక్క ముక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతిసారీ బంతి ముందు చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దాన్ని దూరంగా విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పట్టుకుని పరుగెత్తాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆలోపు నూట ముప్ఫై కిలోల మనుషులు అతని మీదికి దూసుకొస్తుంటారు. పదకొండుమందిలో ఒకడే అయినా జట్టు బతుకంతా అతని మీదే ఉంటుంది.

ఆ పదో నంబరు క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ ది థర్డ్‌ని ఊరంతా ఆర్జీ త్రీ అని పిలుచుకుంది. బేలర్ యూనివర్సిటీలో ఉండగా 2011లో కాలేజీ ఫుట్‌బాల్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2012 డ్రాఫ్టులో రెండో స్థానంలో అతన్ని తీసుకోవడానికి వాషింగ్టన్ జట్టు (అప్పటి పేరు రెడ్‌స్కిన్స్, ఇప్పుడు కమాండర్స్) సెయింట్ లూయిస్ రామ్స్‌కి మూడు మొదటి రౌండ్ ఎంపికలు, ఒక రెండో రౌండ్ ఎంపిక ఇచ్చేసింది. ఒక్క కుర్రాడి కోసం మూడేళ్ల పంట తాకట్టు పెట్టినట్టు. అతను ఆ రుణం మొదటి ఏడాదే తీర్చడం మొదలుపెట్టాడు. 20 టచ్‌డౌన్ పాసులు, 5 ఇంటర్‌సెప్షన్లు, కాలితో 815 గజాల పరుగు. రూకీ క్వార్టర్‌బ్యాక్ ఎవరూ అప్పటిదాకా ఒక సీజన్‌లో అంత పరుగెత్తలేదు. మూడు గెలుపులు, ఆరు ఓటములతో మునిగిపోయిన జట్టు వరసగా ఏడు గెలిచి, 1999 తర్వాత మొదటిసారి తన డివిజన్‌లో మొదటి స్థానం పట్టింది. ఆ డిసెంబరులో మా ఊళ్లో కిరాణా కొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నవ్వుతూ పలకరించుకున్నారు. అది నేను మర్చిపోలేను.

ఇప్పుడు గాయం సంగతి. అందరూ దాన్ని జనవరి 6 నాటి ఒక్క క్షణంగా చెబుతారు. నా మొదటి అభ్యంతరం అక్కడే. అది ఒక్క క్షణం కాదు, నాలుగు వారాల కథ. ఇంకాస్త వెనక్కి వెళితే మూడు నెలల కథ.

అక్టోబరు 7న అట్లాంటాతో ఆటలో గ్రిఫిన్ తలకు దెబ్బ తగిలింది. కంకషన్. జట్టు మాత్రం ముందుగా బయటికి చెప్పింది, కాస్త అదిరాడని. అసలు సంగతి సరిగ్గా చెప్పనందుకు లీగ్ 20,000 డాలర్ల జరిమానా వేసింది. డిసెంబరు 9న బాల్టిమోర్‌తో ఆట. పరుగెత్తి కింద పడుతున్న గ్రిఫిన్ కుడికాలిని హలోటి నాటా అనే నూట యాభై కిలోలు దాటిన ఆటగాడు గుద్దాడు. మోకాలు అసహజంగా వంగింది. బయటికి వెళ్లాడు, తిరిగి వచ్చాడు, కుంటుతూ కొన్ని ఎత్తులు ఆడాడు, మళ్లీ బయటికి వెళ్లాడు. మోకాలి బయటివైపు లిగమెంట్ బెణికిందని తేలింది. అతను అలా తిరిగి రావడానికి అనుమతి ఎవరిచ్చారు? డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ సరేనన్నాడని కోచ్ మైక్ షనహాన్ చెప్పాడు. ఆండ్రూస్ అంటే అప్పట్లో ఈ దేశంలో మోకాళ్లకూ భుజాలకూ శస్త్రచికిత్స చేసేవాళ్లలో అగ్రగణ్యుడు, ఆ రోజు పక్కగీత దగ్గరే ఉన్నాడు. సరిగ్గా జనవరి 6 ఉదయం పత్రికలో ఆండ్రూస్ మాట వేరేలా వచ్చింది: అతన్ని చూడనే లేదు, ముట్టుకోనే లేదు, మేం పరీక్షించేలోపే తిరిగి మైదానంలోకి వెళ్లిపోయాడని. తర్వాత ఇద్దరి మాటలకూ పొత్తు కుదిర్చేలా, దూరం నుంచి సైగ మాత్రం చేశానన్నాడు.

దూరం నుంచి సైగ! మూడేళ్ల ఎంపికలు ధారపోసి తెచ్చుకున్న ఆటగాడు, 2009లో కాలేజీలో ఉండగా ఒకసారి ఏసీఎల్ అనే లోపలి లిగమెంట్ తెగి కోత పడిన అదే కుడి మోకాలు, పదడుగుల్లో దేశంలోకెల్లా పేరున్న సర్జన్. నిర్ణయం జరిగింది సైగతో. అందుకే, "అతనే ఆడతానన్నాడు" అనేవారిని ముందు ఇది అడుగుతాను. జనవరిలో అతన్ని అడిగిన ప్రశ్నకు విలువ ఉండాలంటే డిసెంబరులో ఎవరైనా అతని మోకాలిని పట్టుకుని చూసి ఉండాలి కదా?

ఇక జనవరి 6. మేరీలాండ్‌లోని ల్యాండోవర్ మైదానం, ప్లేఆఫ్స్, ఎదుట సియాటిల్ సీహాక్స్. మేం ఏడెనిమిది కుటుంబాలం ఒకరింటి బేస్‌మెంట్‌లో చేరాం. మొదటి క్వార్టర్ అవకముందే వాషింగ్టన్ 14-0 ఆధిక్యంలోకి వెళ్లింది. ఆ క్వార్టర్‌లోనే, గోల్ గీతకు దగ్గరలో కుడివైపు కదులుతూ ఒంటికాలి మీద బరువు వేసి బంతి విసరబోయిన గ్రిఫిన్ కింద పడ్డాడు. మోకాలు మడత పడింది. లేచాడు, కుంటాడు, తర్వాతి టచ్‌డౌన్ కూడా విసిరాడు. మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆ తర్వాత దాదాపు మూడు క్వార్టర్లు అతను అలాగే ఆడాడు. సోఫాలో కూర్చున్న పన్నెండేళ్ల పిల్లకు కూడా అతను కుంటుతున్నది కనపడింది. షనహాన్ అడిగాడు. గ్రిఫిన్ ఇచ్చిన జవాబును ఆట తర్వాత షనహాన్ స్వయంగా చెప్పాడు: నొప్పి వేరు, గాయం వేరు, నాకు ఉన్నది నొప్పే, గెలిచే అవకాశం నాకివ్వండి అన్నాడట. ఇచ్చారు. నాలుగో క్వార్టర్‌లో 21-14తో వెనకపడి ఉండగా బంతి కిందికి వచ్చింది, అందుకోవడానికి గ్రిఫిన్ వంగబోయాడు, ఎవరూ తాకకుండానే మోకాలు పక్కకు ఒరిగిపోయింది. బంతి సియాటిల్ చేతికి పోయింది, ఆట 24-14తో పోయింది. జనవరి 9న అదే ఆండ్రూస్ చేతుల మీదుగా శస్త్రచికిత్స జరిగింది. బయటి లిగమెంట్‌కు మరమ్మత్తు, రెండోసారి ఏసీఎల్ పునర్నిర్మాణం. దానికి కావలసిన కణజాలం బాగున్న ఎడమ మోకాలి నుంచి తీశారు.

ఆట ముగిశాక గ్రిఫిన్ కోచ్‌ని వేలెత్తి చూపలేదు. నేను ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని, ఆడగలిగినంతసేపు మైదానంలో ఉండటమే నా పని అన్నాడు. ఆ మాటను పట్టుకుని పన్నెండేళ్లుగా అతన్నే ముద్దాయిని చేస్తున్నాం. తన పై మనిషిని కాపాడబోయి అన్న మాటను అతని మెడకే చుట్టడం ఏ న్యాయం?

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. "నువ్వు ఆడగలవా?" అని ఆటగాణ్ణి అడగడం ప్రశ్నే కాదు. ప్రశ్న కావాలంటే రెండు జవాబులకు చోటుండాలి. ఆ వృత్తిలో ఉన్నది ఒకటే జవాబు. దాదాపు రెండేళ్ల ముందు, 2011 జనవరి 23న, షికాగో క్వార్టర్‌బ్యాక్ జే కట్లర్ మోకాలి గాయంతో కాన్ఫరెన్స్ ఫైనల్ మధ్యలో ఆగిపోయాడు. అతను పక్కగీత దగ్గర నిలబడి ఉండగానే ఇదే లీగ్‌లోని తోటి ఆటగాళ్లు ట్విటర్‌లో పిరికివాడన్నట్టు ఎగతాళి చేశారు. సొంత అభిమానులు అతని జెర్సీలు తగలబెట్టారు. మర్నాడు పరీక్షలో లిగమెంట్ దెబ్బతిన్నదని తేలింది. కాల్చిన జెర్సీలు తిరిగి రావు కదా. దానికి ముందు, 2008 జనవరిలో, సాన్ డియేగో క్వార్టర్‌బ్యాక్ ఫిలిప్ రివర్స్ ఏసీఎల్ తెగిన మోకాలితోనే కాన్ఫరెన్స్ ఫైనల్ అంతా ఆడాడు. ఓడిపోయాడు. అయినా ఇప్పటికీ ఆ ఆటను వీరగాథలా చెప్పుకుంటారు. కట్లర్‌కు ఏం జరిగిందో, రివర్స్‌కు ఏం దక్కిందో చూస్తూ పెరిగిన కుర్రాడిని అడిగి, అతను ఆడతానంటే, ఆ జవాబు మోకాలి గురించి మనకేం చెబుతుంది? ఏమీ చెప్పదు. మనం అతన్ని ఎలా పెంచామో చెబుతుంది.

డబ్బు కోసం ఆడి ఉంటాడని కొందరంటారు. అతని నాలుగేళ్ల ఒప్పందం విలువ 2 కోట్ల 11 లక్షల డాలర్లు. ప్రతి డాలరూ హామీ ఉన్నదే. ఆ రోజు కూర్చుండిపోయినా పైసా తగ్గదు. డబ్బు కాదు, పరువు. పరువు కోసం మనిషి ఏమైనా చేస్తాడని తెలిసినవాడు పక్కన ఉండాలి, అందుకే కోచ్‌కి జీతమిస్తారు.

షనహాన్‌కు ఇది తెలియదా? ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1998 జనవరిలో డెన్వర్ కోచ్‌గా ఆయన మొదటి సూపర్ బౌల్ గెలిచిన రోజు, రన్నింగ్‌బ్యాక్ టెరెల్ డేవిస్‌కు మైగ్రెయిన్ వచ్చి కళ్లు కనపడలేదు. ఆ సంగతి అతనే కోచ్‌కు చెప్పాడు. గోల్ గీత దగ్గర ఒక్క ఎత్తుకు వెళ్లు చాలు, బంతి నీకు ఇవ్వం, నువ్వు లేకపోతే ఎదుటివాళ్లు నమ్మరు అని షనహాన్ అతన్ని పంపాడు. ఎదుటి జట్టు డేవిస్ మీదికి మొగ్గింది, జాన్ ఎల్వే బంతితో గీత దాటాడు. కాసేపటికి డేవిస్ చూపు కుదుటపడింది, మొత్తం మూడు టచ్‌డౌన్లతో ఆ రోజు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఈ కథను ఫుట్‌బాల్ లోకం పాతికేళ్లుగా మురిపెంగా చెప్పుకుంటోంది. నాకు మాత్రం గ్రిఫిన్ తర్వాత అది వేరేలా వినపడుతుంది. కనపడటం లేదని చెప్పిన మనిషిని పంపినప్పుడు ఫలితం బాగుంది కాబట్టి తెలివి అన్నాం. నొప్పే, గాయం కాదన్న మనిషిని ఉంచినప్పుడు ఫలితం చెడింది కాబట్టి ఆటగాడి మొండితనం అంటున్నాం. రెండు చోట్లా నిర్ణయించినవాడు ఒకడే. గెలిస్తే ఆయన ఖాతా, చెడితే కుర్రాడి ఖాతా. ఈ లెక్క నేను ఒప్పుకోను.

ఇందాకటి సంక్రాంతి గుంపులో ఒక పెద్దాయన గ్రిఫిన్‌ను అభిమన్యుడితో పోల్చారు. వెళ్లడమే తెలుసు, వెనక్కి రావడం తెలియదు, వీరుడంటే అంతే అన్నారు. ఆయన మీద నాకు గౌరవముంది. అందుకే జవాబు చెప్పకుండా ఉండలేకపోయాను. బాబాయిగారూ, పద్మవ్యూహంలోకి వెళ్లమని అడిగింది ధర్మరాజు. బయటికి రావడం నాకు రాదని అభిమన్యుడు ముందే చెప్పాడు. పిల్లవాడు పోయాక ధర్మరాజు, వాడే వెళతానన్నాడని అర్జునుడికి చెప్పి ఊరుకోలేదు, పంపింది నేనేనని కుమిలిపోయాడు. మన కథలోనే తప్పు ఎవరి మీద వాలాలో ఉంది.

గెలుపు కోసం తప్పదన్న వాదం ఒకటి మిగిలింది. ప్లేఆఫ్స్ మళ్లీ మళ్లీ రావు, సగం గ్రిఫిన్ అయినా ఇంకెవరికన్నా మేలు అని. అంకెలు చూడండి. మొదటి క్వార్టర్‌లో గ్రిఫిన్ 9 పాసుల్లో 6 చేర్చాడు, 68 గజాలు, రెండు టచ్‌డౌన్లు. ఆ క్వార్టర్ తర్వాత, మిగిలిన ఆటంతా కలిపి 10 పాసుల్లో 4, మొత్తం 16 గజాలు, ఒక ఇంటర్‌సెప్షన్. పదహారు గజాలు! 14-0 ఆధిక్యం కరిగిపోతున్నంతసేపూ పక్కగీత దగ్గర రెండో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ నిలబడి ఉన్నాడు. బాల్టిమోర్ ఆటలో గ్రిఫిన్ బయటికి వెళ్లాక వచ్చి టచ్‌డౌన్ విసిరి, రెండు పాయింట్ల కోసం తానే గీత దాటి స్కోరు సమం చేసింది కజిన్సే. మరుసటి వారం క్లీవ్‌లాండ్‌లో మొదటి నుంచీ ఆడి 38-21తో గెలిపించిందీ అతనే. జట్టు నాలుగో రౌండ్‌లో అతన్ని తీసుకున్నది ఇలాంటి రోజు కోసం కాకపోతే మరెందుకు? గ్రిఫిన్‌ను దింపడం దయాదాక్షిణ్యాల సంగతి కూడా కాదు, ఆ రోజు ఆట గెలవడానికి తెలివైన దారి అదే. చివరికి ఆరు నిమిషాలు మిగిలినప్పుడు, ఒక మోకాలు పూర్తిగా పోయాక, కజిన్స్‌ను పంపారు. అప్పటికి చేతులు కాలిపోయాయి.

పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌కు గాయాలు తప్పవు, అతని ఆటే అతన్ని తినేసింది అని ఇంకో మాట. అనుభవజ్ఞుల్లా తల ఆడిస్తూ దీన్ని చెబుతారు. డిసెంబరు 9 గాయం పరుగులోనే తగిలింది, కాదనను. కానీ జనవరి 6న మొదటిసారి మోకాలు మడత పడింది పాస్ విసరబోతూ. చివరిసారి పోయింది నిలబడి బంతి అందుకోబోతూ. ఆ చివరి క్షణంలో అతన్ని తాకినవాడు లేడు. పరుగు తినేసిన మోకాలు కాదది, మానకముందే పనికి తోలిన మోకాలు.

మైదానం సంగతి త్వరగా ముగిస్తాను. ల్యాండోవర్‌లో ఆ రోజు గడ్డి అధ్వాన్నంగా ఉంది. సియాటిల్ ఆటగాడు క్రిస్ క్లెమన్స్‌కు కూడా అక్కడే ఏసీఎల్ తెగింది, వాళ్ల కోచ్ పీట్ కారల్ బాహాటంగా ఫిర్యాదు చేశాడు. నిజమే. గడ్డి అంత చెడ్డదైతే, కుంటుతున్న మనిషిని దాని మీద ఉంచడం ఇంకా పెద్ద తప్పవుతుంది గానీ చిన్నది కాదు.

ఆటన్నాక గాయాలు, ఎవరి రాత వాళ్లది అనేవారికి ఇదే జట్టు నుంచి రెండు పేర్లు చెబుతాను. 1985 నవంబరు 18న లారెన్స్ టేలర్ దూసుకొచ్చినప్పుడు జో థైస్‌మన్ కాలు విరిగింది. అతను మళ్లీ ఆడలేదు. ముప్ఫై మూడేళ్ల తర్వాత అదే నవంబరు 18న అలెక్స్ స్మిత్ కాలు అలాగే విరిగింది. కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్న దాకా వెళ్లి, 17 శస్త్రచికిత్సల తర్వాత, 2020 అక్టోబరులో తిరిగి మైదానంలోకి వచ్చాడు. ఆ రెండింటికీ నేను ఎవరినీ నిందించను. మంచి ఆరోగ్యంతో నిలబడ్డ మనిషి మీద ఒక్క క్షణంలో ఆట విరుచుకుపడింది. గ్రిఫిన్‌కు అలా జరగలేదు. మొదటి దెబ్బకూ చివరి దెబ్బకూ మధ్య నాలుగు వారాలున్నాయి, ఒకే రోజు లెక్కన చూసినా దాదాపు మూడు క్వార్టర్లున్నాయి. ఆ వ్యవధిలో ఎవరైనా ఆపవచ్చు. ఆపగల వ్యవధి ఉన్నచోట రాత అనే మాట వాడకూడదు.

ఇవన్నీ విన్నాక మర్యాదస్తులు చివరిగా ఒక మాట అంటారు: అందరిదీ కొంచెం కొంచెం తప్పుందిలే అని. తిలా పాపం తలా పిడికెడు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది ఈ ఉదారమైన పంపకమే. ఇలా పంచేశాక ఏ ఒక్కరి చేతిలోనూ మారవలసినంత బరువు మిగలదు. తప్పు ఎవరిదని తేల్చడం పగ తీర్చుకోవడానికి కాదు. నింద ఎక్కడ ఆగుతుందో మరమ్మత్తు అక్కడే మొదలవుతుంది.

తలకు తగిలే దెబ్బల విషయంలో ఏం జరిగిందో చూడండి. ఒకప్పుడు అక్కడా ఇదే మాట: బాగానే ఉన్నానని అతనే అన్నాడు. ఆ మాటను నమ్మడం మానేశాక నియమాలు వచ్చాయి. జట్టుతో సంబంధం లేని నరాల నిపుణులు 2013 నుంచి పక్కగీతల దగ్గర నిలబడుతున్నారు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న బడి పిల్లలను ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదని 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. ఆ చట్టాలు పిల్లవాడిని అడగమని చెప్పవు. 2022 సెప్టెంబరులో మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టంగొవైలోవా దెబ్బ తిని తూలుతూ నడిచాడు, అయినా తిరిగి ఆడించారు. నాలుగు రోజుల తర్వాత మరో ఆటలో స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అప్పుడు దేశం టువాను నిందించలేదు. పరీక్షించిన నిపుణుణ్ణి ఆటగాళ్ల సంఘం తొలగించింది. తూలితే ఇక ఆ రోజు ఆట లేదని అక్టోబరు 8కల్లా నియమం మార్చారు. పది రోజులు కూడా పట్టలేదు.

మోకాలికి అలాంటి మనిషి ఇప్పటికీ లేడు. మోకాలిని చూసే డాక్టరుకు జీతమిచ్చేది, పిలిచేది, వద్దనుకుంటే మార్చేది జట్టే. ఆటగాడి వైద్యాన్ని జట్టు యాజమాన్యం నుంచి వేరు చేయాలని 2016లో హార్వర్డ్ పరిశోధకులు సిఫారసు చేస్తే లీగ్ తోసిపుచ్చింది. గ్రిఫిన్ పేరుతో ఒక్క నియమమూ రాలేదు. ఎందుకు వస్తుంది? తప్పు అతనిదేనని మనమే తేల్చేశాం కదా. తన మోకాలిని తానే పాడుచేసుకున్నవాడి కోసం నియమాలు ఎవరు రాస్తారు?

తర్వాతి కథ అందరికీ తెలుసు. 2013లో 3 గెలుపులు, 13 ఓటములు, సీజన్ ముగియగానే షనహాన్‌కు ఉద్వాసన. గ్రిఫిన్ 2015 సీజన్ మొత్తం ఒక్క ఎత్తు కూడా ఆడకుండా కూర్చున్నాడు. తర్వాత క్లీవ్‌లాండ్, ఆపైన బాల్టిమోర్‌లో ఇంకొకరికి ప్రత్యామ్నాయంగా. 2012లో కనపడిన ఆ పరుగు మళ్లీ కనపడలేదు. అతను పడిపోయే కొద్దీ అతని మీద కథలు పెరిగాయి: అహంకారి అని, మాట వినడని, ప్రకటనల మీదే ధ్యాసని. ఆ కథలు నిజమో కాదో నాకు తెలియనవసరం లేదు. 2013లో ఒక బూట్ల ప్రకటనలో ఎలా మాట్లాడాడన్నది 2013 జనవరి 6న అతని మోకాలిని ఎవరు కాపాడాలన్న దానికి జవాబు కాదు.

ఇలా కాకుండా చేయడం సాధ్యమా అంటే, ఇదే నగరంలో, ఇదే సీజన్‌లో ఒక మనిషి చేసి చూపించాడు. వాషింగ్టన్ నేషనల్స్ బేస్‌బాల్ జట్టులో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే పిచర్ ఉండేవాడు. 2010లో మోచేతి లిగమెంట్‌కు శస్త్రచికిత్స జరిగింది. 2012లో జట్టు గెలుస్తూ పోస్ట్‌సీజన్ వైపు వెళుతోంది. జనరల్ మేనేజర్ మైక్ రిజ్జో మాత్రం ఆ చేతికి ఈ ఏడాది ఇంత చాలని ముందే గీత గీశాడు. సెప్టెంబరు మొదట్లో, 159 ఇన్నింగ్స్ దాటగానే, ఆపేశాడు. స్ట్రాస్‌బర్గ్ ఆడతానన్నాడు, ఆపినందుకు బాధపడ్డాడు. రిజ్జో వినలేదు. అక్టోబరు 12న నిర్ణయాత్మకమైన ఐదో ఆటలో 6-0 ఆధిక్యం నుంచి నేషనల్స్ 9-7తో సెయింట్ లూయిస్ చేతిలో ఓడిపోయారు. నగరం రిజ్జోను ఎన్ని మాటలందో నేను స్వయంగా విన్నాను. మా ఆఫీసులో, మా వీధిలో, ఆ వారం ఇంకో సంభాషణ లేదు. నేనూ అన్నవాళ్లలో ఒకరిని.

స్ట్రాస్‌బర్గ్ చేయి తర్వాత ఎన్నోసార్లు మొరాయించింది, చివరికి ఆటే మానుకోవాల్సి వచ్చింది. ఆపితే శరీరం శాశ్వతంగా నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మధ్యలో 2019 వచ్చింది. నేషనల్స్ ప్రపంచ సిరీస్ గెలిచారు, ఆ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు స్ట్రాస్‌బర్గ్. ఏడేళ్ల ముందు రిజ్జో తిన్న తిట్ల మీద నిలబడిన విజయమది. ఆ తిట్లు తినేటప్పుడు రిజ్జో ఒక్కసారి కూడా స్ట్రాస్‌బర్గ్‌ను ముందుకు నెట్టలేదు. నిర్ణయం నాది అన్నాడు, ప్రతి మైకు ముందూ అదే చెప్పాడు.

మూడు నెలలు తిరక్కుండానే, అదే నగరంలో ఇంకో మైకు ముందు, ఇంకొక కోచ్ కుర్రాడు తనతో ఏమన్నాడో చెబుతూ నిలబడ్డాడు. ఆ కుర్రాడు అప్పటికి లోపల మోకాలికి కట్టు కట్టించుకుంటున్నాడు.